మామయ్య "డ్యూయల్ మీటర్" వాచీ: వారం రోజులు నా దగ్గర

గెలాక్సీ రాయి (ఒంగోలు) | ఆదివారం ఉదయం 7:20

అందరికీ నమస్కారం. రెండేళ్ళ నుంచి మీరు రాసేవి చదవడమే తప్ప నేను ఒక్క ముక్క రాసింది లేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

మా మేనమామది చీమకుర్తిలో గ్రానైటు వ్యాపారం. కంటి ఆపరేషన్‌కి మద్రాసు వెళ్తూ నిన్న మా ఇంటి దగ్గర కారు ఆపి, చేతి వాచీ విప్పి నాకిచ్చాడు. "ఆస్పత్రిలో పెట్టుకునేది కాదురా ఇది. బీరువాలో పెడితే ఆగిపోతుంది. శుక్రవారం వచ్చి తీసుకుంటా, అందాకా రోజూ కీ ఇస్తుండు" అన్నాడు. పేరేంటి మామయ్యా అంటే "డ్యూయల్ మీటర్" అన్నాడు. డయలు మీద చదివితే జెగర్-లెకూల్ట్ర్ అని స్విస్ కంపెనీ పేరు. మోడల్ డ్యుయోమెత్ర్ ఆ క్రోనోగ్రాఫ్. క్రోనోగ్రాఫ్, పొట్టిగా క్రోనో, అంటే లోపలే స్టాప్‌వాచీ కూడా ఉన్న వాచీ. నాకూ పలకడం రాదు కాబట్టి మామయ్య పేరే ఖాయం చేద్దాం.

రోజ్ గోల్డ్ కేసు, 42 మిల్లీమీటర్లు. డయలు మీద పక్కపక్కనే రెండు చిన్న డయళ్ళు. ఒకదాంట్లో మామూలు టైము, రెండోదాంట్లో క్రోనో గంటలు, నిమిషాలు. మధ్యలో రెండు పొడుగాటి సెకన్ల ముళ్ళు: ఒకటి ఎప్పుడూ తిరుగుతుంది, ఒకటి బటన్ నొక్కితేనే. కింద 6 దగ్గర ఇంకో బుల్లి డయలు ఉంది. దానికి అటూ ఇటూ డయలు కోసేసి లోపలి చక్రాలు కనపడేలా వదిలారు. అక్కడే రెండు సూచికలు, పెట్రోలు మీటర్ల లాగా.

ఉదయం కీ ఇస్తుంటే ఒక సంగతి గమనించా. మా నాన్న హెచ్ఎంటీ ముందుకి తిప్పితే కీ ఎక్కుతుంది, వెనక్కి తిప్పితే ఊరికే తిరుగుతుంది. ఇది అట్టా లేదు. ముందుకి తిప్పితే ఒక సూచిక లేస్తోంది, వెనక్కి తిప్పితే రెండోది లేస్తోంది. రెండు వైపులా బిగువు తగులుతోంది. అంటే లోపల రెండు స్ప్రింగులు ఉన్నట్టేగా?

ఒక వాచీకి రెండు స్ప్రింగులు ఎందుకు? తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి. నేను లెక్కలు చెప్పే మాస్టారిని, సగం చెప్పి వదిలేస్తే నిద్ర పట్టదు.

పెన్నా ఇసుక (నెల్లూరు) | ఆదివారం 8:05

ఒక స్ప్రింగు ఆగిపోతే రెండోది స్టెప్నీ అన్నా 😀 ఆ డబ్బుతో మా లేఔట్లో ఇల్లు లేస్తుంది. కారు తాళం అడిగితే ఇచ్చేలా లేని మామయ్య ఇది ఇచ్చాడంటే మీ మీద నమ్మకం గట్టిదే.

ట్రంకురోడ్డు టైము (నెల్లూరు) | ఆదివారం 11:40

అబ్బాయ్, నువ్వడిగింది మంచి ప్రశ్న. ముందు మామూలు క్రోనో సంగతి వినాలి, తర్వాత మీ మామయ్యది.

నేను 40 ఏళ్ళు వాచీల రిపేరు పని చేశా. నెల్లూరులో అన్నీ హెచ్ఎంటీలే, ఏడాదికి ఒకటో రెండో క్రోనోలు వచ్చేవి, అదీ గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళవి. మామూలు క్రోనోలో స్ప్రింగు ఒకటే. దాని బలం చక్రాల వరుస గుండా వచ్చి చివరికి బేలన్సుని, అంటే అటూ ఇటూ ఊగుతూ టైము లెక్క నిలబెట్టే చక్రాన్ని, ఊపుతుంది. బటన్ నొక్కగానే క్రోనో చక్రాన్ని తెచ్చి ఈ వరుసకి తగిలిస్తారు. ఇక అదే బలం ఇంకో ముల్లుని, నిమిషాల చక్రాన్ని కూడా లాగాలి. బేలన్సు ఊపు పడిపోతుంది. ఊపు పడితే టైము తేడా వస్తుంది. నువ్వు గంటసేపు దేన్నో కొలుస్తున్నావు, ఆ గంటసేపూ వాచీ తన అసలు పని సరిగ్గా చెయ్యడం లేదన్నమాట. పైగా పాత పద్ధతిలో పక్క నుంచి పళ్ళకి పళ్ళు తగిలించినప్పుడు, పన్ను మీద పన్ను పడితే ముల్లు ఒక్క ఉలుకు ఉలుకుతుంది. ఆ ఉలుకు పోగొట్టడానికే పై నుంచి ఒత్తి పట్టే క్లచ్ వచ్చింది, 1969లో సీకో 6139లో ఉండేది అదే.

ఇప్పుడు మీ మామయ్యది. మనవాళ్ళకి అర్థమయ్యేలా చెప్తా. కాలవకి ఒకటే తూము ఉందనుకో. పైన పొలం వాడు నీళ్ళు కట్టుకుంటే కింద మడి ఎండుతుంది. దీనికి రెండు తూములు పెట్టారు. టైముకి ఒక స్ప్రింగు, ఒక చక్రాల వరుస. క్రోనోకి ఇంకో స్ప్రింగు, ఇంకో వరుస. ఒకదాని నీళ్ళు ఒకదానికి పోవు. కానీ లెక్క చూసే లస్కరు మాత్రం ఒక్కడే. అంటే బేలన్సు, చక్రాల్ని పన్ను పన్నుగా వదిలే ఎస్కేప్‌మెంట్ రెండింటికీ కలిపి ఒకటే. రెండు బేలన్సులు పెడితే ఆ రెండూ ఒకేలా నడవాలిగా, అదొక తలనొప్పి. దీంట్లో ఆ గొడవ లేదు. తగిలించడం, విడదీయడం అనే క్లచ్ కూడా లేదు. క్రోనో వరుస స్ప్రింగు బలంతో సిద్ధంగా నిలబడి ఉంటుంది. బటన్ నొక్కితే వదులుతుంది, అంతే.

ఇది 2007లో వచ్చింది. మూవ్‌మెంట్, అంటే లోపలి యంత్రం, పేరు కేలిబర్ 380. రెండు స్ప్రింగులూ విడివిడిగా 50 గంటలు నడుస్తాయి. పుస్తకాల్లో చూశానే గానీ చేత్తో ముట్టింది లేదు. నీ అదృష్టం.

6 దగ్గర ఉన్న బుల్లి డయలు గురించి ఎవరూ అడగలేదే? అసలు సరుకు అదే. ఒకసారి బటన్ నొక్కి చూడు.

గెలాక్సీ రాయి | ఆదివారం 12:15

నొక్కా. అమ్మో.

అప్పటిదాకా బొమ్మలా నిలబడ్డ ముల్లు పిచ్చెక్కినట్టు గిర్రున తిరుగుతోంది. సెకనుకి ఒక చుట్టు. ఆగాగి పోతోందో జారుతోందో కంటికి దొరకడం లేదు. మళ్ళీ నొక్కితే టక్కున ఆగింది, 4 దగ్గర. ఇంకోసారి నొక్కితే అన్నీ సున్నాకి. మొత్తానికి ఒకటే బటన్.

గెలాక్సీ రాయి | ఆదివారం 13:50

ఫోన్లో స్లో మోషన్ తీశా, సెకనుకి 240 ఫ్రేములు. ముల్లు జారడం లేదు, దూకుతోంది. ఒక చుట్టులో 6 దూకుళ్ళు. ఒక్కో చోట 40 ఫ్రేములు నిలబడుతోంది. 240ని 6తో భాగిస్తే 40. భోజనం చల్లారిపోయింది, మా ఆవిడ ముఖం వేడెక్కింది.

ట్రంకురోడ్డు టైము | ఆదివారం 14:30

శెభాష్. ఆ 6 ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? ఈ బేలన్సు గంటకి 21,600 దెబ్బలు కొడుతుంది. 3,600తో భాగించు. సెకనుకి 6. అంటే నువ్వు చూస్తున్నది ముల్లుని కాదు, బేలన్సు కొట్టే ఒక్కో దెబ్బని. గుండె చప్పుడు డయలు మీదికి తెచ్చి చూపించారు. ఫ్రెంచి వాళ్ళు దాన్ని ఫూద్రోయాంత్ అంటారు, పిడుగులాంటిదని అర్థం. మామూలు వాచీలో ఇంత తిండిపోతు ముల్లుని పెడితే బేలన్సు నీరసించిపోతుంది. సొంత స్ప్రింగు ఉంది కాబట్టి దీనికి చెల్లింది.

కాడిమాను (దర్శి దగ్గర) | ఆదివారం 20:10

నేను బండలాగుడు పోటీల్లో టైము చూసేవాణ్ణి. మా దగ్గర లెక్క తిరగేసి ఉంటుంది. గుర్రప్పందెంలో దూరం ముందే తెలుసు, టైము కొలుస్తారు. మేం టైము ముందే పెట్టి దూరం కొలుస్తాం. మా ఊరి తిరునాళ్ళలో సీనియర్స్ జతలకి 20 నిమిషాలు ఇస్తాం, ఆలోపు గిత్తలు ఎన్ని అడుగులు లాగితే అంత. రౌండు రౌండుకీ ఎంత పట్టిందో మైకులో చెప్పాలి. జనం కూర్చునేది దానికోసమే.

ఒకటే బటన్ అంటున్నారు. అంటే మధ్యలో ఆపి మళ్ళీ అక్కడి నుంచే నడపలేం కదా? మూడో నొక్కుకి సున్నా అయిపోతుంది. కొమ్ముకి తాడు చుట్టుకుందనో, కాడి జారిందనో కమిటీ టైము ఆపమంటే ఎట్టా? మా పనికి మీ మామయ్య వాచీ పనికిరాదన్నా, ఏమనుకోవద్దు. నా దగ్గర 300 రూపాయల ప్లాస్టిక్కు స్టాప్‌వాచీ ఉంది, చెమటకీ దుమ్ముకీ చావదు.

కువైట్ కావలి | సోమవారం 01:25

కాడిమాను అన్నా, మీకు కావాల్సిందాన్ని రాట్రపాంత్ అంటారు. క్రోనో సెకన్ల ముళ్ళు రెండు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉంటాయి. బయలుదేరినప్పుడు రెండూ కలిసే వెళ్తాయి. గిత్తలు మలుపు తిరగ్గానే నొక్కితే పైది ఆగుతుంది, కిందది పోతూనే ఉంటుంది. మీరు మైకులో చదివేసి మళ్ళీ నొక్కితే ఆగినది ఒక్క ఉరుకున పోయి రెండోదాన్ని కలుసుకుంటుంది. మామూలు వాటిలో ఇది సెకన్లకే. జర్మనీలోని గ్లాషుట్టె ఊళ్ళో ఎ. లాంగే అండ్ జోనె వాళ్ళు 2004లో డబుల్ స్ప్లిట్ అని నిమిషాల ముల్లుకి కూడా జత పెట్టారు. 2018లో ట్రిపుల్ స్ప్లిట్ తెచ్చి గంటల ముల్లుకీ పెట్టారు. మొదట అవి 100 మాత్రమే చేశారు. మీ 20 నిమిషాల పోటీకి డబుల్ సరిపోతుంది, దుమ్ములోకి తీసుకెళ్ళే ధైర్యం ఉంటే.

గుర్రప్పందెం మాట వచ్చింది కాబట్టి చెప్తా. క్రోనోగ్రాఫ్ అనే పేరు పుట్టిందే పందెం దగ్గర. 1821లో పారిస్‌లోని షాన్ ద మార్స్ మైదానంలో నికొలా రియుసెక్ అనే ఆయన తను చేసిన యంత్రంతో గుర్రాల టైము పట్టాడు. అది వాచీలా ఉండేది కాదు, ఒక పెట్టె. డయలు తిరుగుతుంటుంది, నొక్కితే మొన నుంచి సిరా చుక్క దాని మీద పడుతుంది. ఆ చుక్కే లెక్క. గ్రీకులో క్రోనోస్ అంటే కాలం, గ్రాఫ్ అంటే రాయడం. నిజంగానే రాసేది. చాలా కాలం మొదటి క్రోనో ఇదే అనుకున్నారు. లూయీ మువానే 1816లోనే సెకనులో 60వ వంతు కొలిచే యంత్రాన్ని పూర్తి చేశాడని 2013లో బయటపడింది. ఆయన కొలిచింది నక్షత్రాలని.

ఇంకోటి. ముల్లు ఎక్కడున్నా నొక్కగానే సున్నాకి ఎట్టా వస్తుంది అని ఎప్పుడన్నా ఆలోచించారా? ముల్లు ఇరుసుకి గుండె ఆకారంలో ఒక బిళ్ళ ఉంటుంది. దాని అంచు మీద చిన్న సుత్తి వచ్చి పడుతుంది. ఎక్కడ పడినా గుండె జారిజారి తన నొక్కు దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఎడమకి దగ్గరైతే ఎడమకి, కుడికి దగ్గరైతే కుడికి. 1844లో అడోల్ఫ్ నికోల్ దానికి పేటెంటు తీసుకున్నాడు. ఈ రోజుకీ అదే బిళ్ళ. నాకు ఏ టూర్బిలాన్ (బేలన్సునే గిర్రున తిప్పే ఖరీదైన ఏర్పాటు) చూసినా రాని ఆనందం ఈ బిళ్ళని చూస్తే వస్తుంది, ఎవరేమనుకున్నా సరే.

పెన్నా ఇసుక | సోమవారం 07:45

అంతా బాగుంది. నా ఫోన్లో స్టాప్‌వాచ్ సెకనులో నూరో వంతు చూపిస్తుంది, ల్యాపులు ఎన్నంటే అన్ని. 50 గంటలకోసారి ఎవరూ కీ ఇవ్వక్కర్లేదు. సెకనులో ఆరో వంతు కొలవడానికి ఇన్ని తిప్పలేంటి? నిజంగానే అడుగుతున్నా, వెటకారం కాదు.

ట్రంకురోడ్డు టైము | సోమవారం 10:30

వెటకారమైనా ఫర్వాలేదు నాయనా. నీ ఫోను నూరో వంతు చూపిస్తుంది, నీ వేలు చూపిస్తుందా? కన్ను చూసి, బుర్రకి చేరి, వేలు కదలడానికి దగ్గర దగ్గర సెకనులో ఐదో వంతు పడుతుంది. చేత్తో నొక్కే దేనికైనా ఆరో వంతు దాటితే మిగతా అంకెలు నీ వేలు వణుకు లెక్కే.

అట్టాగని నూరో వంతు చెయ్యలేక కాదు. జెనిత్ వాళ్ళు 2017లో డిఫై 21 అని తెచ్చారు. దాంట్లో క్రోనోకి వేరే స్ప్రింగే కాదు, వేరే బేలన్సు కూడా ఉంటుంది. గంటకి 3,60,000 దెబ్బలు. ముల్లు సెకనుకి ఒక చుట్టు కొడుతుంది. టైము వైపు 50 గంటలు నడిస్తే, క్రోనో వైపు 50 నిమిషాలకి స్ప్రింగు ఖాళీ. తిండి ఎట్టా ఉంటుందో చూసుకో. ఇందాక నేను తలనొప్పి అన్నానే, వాళ్ళు ఆ తలనొప్పిని కోరి తెచ్చుకున్నారు.

మైపాడు అల (నెల్లూరు) | సోమవారం 21:15

డాక్టర్ని. మా నాన్నగారు కూడా డాక్టరే, ఆయన వాడిన పాత క్రోనో ఒకటి నా దగ్గర ఉంది. డయలు అంచున పల్సోమీటర్ స్కేలు. రోగి చెయ్యి పట్టుకుని బటన్ నొక్కి 30 కొట్టుకునేదాకా లెక్కపెట్టి ఆపాలి. ముల్లు ఆగిన చోట నిమిషానికి ఎన్నో రాసి ఉంటుంది. 25 సెకన్లు పడితే 72. గుణకారం అక్కర్లేదు. ఇప్పుడు వేలికి క్లిప్పు పెడితే నాడీ, ఆక్సిజనూ రెండూ వస్తాయి, నిజమే. కానీ లెక్కపెట్టినంతసేపూ నాన్న రోగి ముఖంలోకే చూసేవారు. నేను క్లిప్పు పెట్టి స్క్రీను చూస్తాను.

గెలాక్సీ గారూ, వెనక వైపు ఫోటో ఒకటి పెట్టండి. ముందు వైపే చూపిస్తున్నారు అందరూ.

గెలాక్సీ రాయి | సోమవారం 22:00

పెట్టాను మేడం. వెనక అద్దమే. లోపల ప్లేట్లన్నీ తెల్లగా కాకుండా, లేత తేనె రంగు కలిసిన వెండిలా ఉన్నాయి. మెరుపు తక్కువ. అంచుల దగ్గర మాత్రం సన్నగా గీతలా మెరుస్తున్నాయి, తిప్పితే ఆ మెరుపు అంచు వెంట పరిగెడుతుంది.

ట్రంకురోడ్డు టైము | సోమవారం 22:20

అది జర్మన్ సిల్వర్. గృహప్రవేశాలకి కుంకుమ భరిణెలు పంచుతున్నారే, ఆ జాతే. రాగి, నికెలు, జింకు. వెండి నలుసంత కూడా ఉండదు. దాని మీద ఏ పూతా వెయ్యకుండా వదిలారు కాబట్టి ఏళ్ళు గడిచేకొద్దీ ఆ తేనె రంగు వస్తుంది. బిగించేవాడి వేలు తగిలితే మచ్చ పడిపోతుంది, ఇక అంతే. అంచులు ఏటవాలుగా ఆకురాయితో తీసి, చెక్క పుల్లతో మెరుగుపెడతారు. ఉదయగిరిలో చెక్క స్పూన్లు చేసేవాళ్ళ చేతులు చూడు, ఆ ఓపిక తెలుస్తుంది. లోపలి మూల మొనదేలి ఉంటే చేతి పని అనుకో. మిషను అక్కడ గుండ్రం చేసేస్తుంది.

పులికాట్ కొంగ (సూళ్ళూరుపేట) | మంగళవారం 06:30

2022లో మమ్మల్ని తిరుపతి జిల్లాలో కలిపేశారు గానీ పెళ్ళిళ్ళకీ పులుసుకీ నెల్లూరే. అందుకని దూరిపోతున్నా.

నాది టెలిమీటర్ స్కేలున్న క్రోనో. వెలుగు ముందు కనపడి, చప్పుడు తర్వాత వినపడే దేనికైనా దూరం చెప్తుంది. పూర్వం ఫిరంగి ఎంత దూరంలో పేలిందో చూడటానికి సైన్యంలో వాడేవాళ్ళు. మెరుపు కనపడగానే నొక్కి, ఉరుము వినగానే ఆపితే పిడుగు ఎన్ని కిలోమీటర్లలో పడిందో ముల్లే చూపిస్తుంది. మన దగ్గర అంతకన్నా గొప్ప వాడకం ఉంది. శ్రీహరికోట షార్‌లో రాకెట్టు.

పోయినసారి ప్రయోగానికి పులికాట్ మధ్య రోడ్డు పక్కన నిలబడ్డా. చెట్ల పైన వెలుగు లేవగానే నొక్కా. రాకెట్టు మబ్బులోకి పోయేదాకా నిశ్శబ్దమే. పిల్లలు అరుస్తున్నారు, ఎక్కడో బస్సు హారను. తర్వాత చప్పుడు నీళ్ళ మీదుగా వచ్చింది, చెవికి కాదు, ఛాతీకి. 48 సెకన్లు. స్కేలు 16 దాటి చూపించింది. కానీ స్కేలు గీసింది చల్లటి దేశం గాలికి. మన 30 డిగ్రీల గాలిలో ధ్వని సెకనుకి 349 మీటర్లు పోతుంది. లెక్కేస్తే దాదాపు 16.8 కిలోమీటర్లు. చెట్ల పైకి లేచాకే నొక్కా కాబట్టి ఇంకాస్త కలుపుకోవాలి. ఫోన్లో చెయ్యొచ్చు, నిజమే. ఫోనేమో వీడియో తీస్తోంది, అదే గొడవ.

పెన్నా ఇసుక | మంగళవారం 07:10

సరే, రాకెట్టుకి ఒప్పుకున్నా.

ట్రంకురోడ్డు టైము | మంగళవారం 09:00

గెలాక్సీ అబ్బాయ్, నాదొక కోరిక. రాత్రంతా దాని మీదే ఆలోచన. వాచీ శుక్రవారం దాకా నీ దగ్గరే ఉంటుందిగా. రెండు స్ప్రింగులూ నిండా ఎక్కించు. క్రోనో నొక్కి వదిలెయ్. రోజూ ఉదయం టైము వైపు మాత్రమే కీ ఇవ్వు. పొరపాటున కూడా రెండో వైపు తిప్పొద్దు. క్రోనో స్ప్రింగు ఖాళీ అయ్యేదాకా చూడు. రెండు సంగతులు తేలాలి. ఒకటి, క్రోనో నడుస్తున్నన్నాళ్ళూ టైములో తేడా వస్తుందా? రెండు, క్రోనో చచ్చిపోయాక టైము బతికే ఉంటుందా? పుస్తకాల వాళ్ళు చెప్పింది నిజమేనా అని చూసే రాత ఈ వయసులో మళ్ళీ రాదు నాకు.

మామయ్య ఏమీ అనడులే, వాచీ నడవడానికేగా ఉంది.

గెలాక్సీ రాయి | మంగళవారం 18:40

ఆది, సోమ రెండు రోజులూ ఫోను టైముతో పోల్చి చూసి పెట్టుకున్నా. రోజుకి 3 సెకన్లు ముందుకి పోతోంది. ఈ సాయంత్రం 6 గంటలకి రెండూ నింపి క్రోనో నొక్కా. మా అమ్మకి చెప్పా, ఎవరూ ముట్టొద్దని. "పాము పుట్టలా చూసుకుంటున్నావేంట్రా" అంటోంది.

మర్రిచెట్టు (కందుకూరు) | మంగళవారం 23:05

మధ్యలో నా ఏడుపు ఒకటి. నాది 7750 మూవ్‌మెంట్ వాచీ. చెయ్యి కదిలితే తిరిగి కీ ఎక్కించే రోటరు అనే బరువు ఉంటుంది దాంట్లో. అది ఒక వైపు తిరిగినప్పుడే కీ ఎక్కుతుంది, రెండో వైపు ఖాళీగా గిర్రున తిరిగి చెయ్యి ఊగుతుంది, తెలిసినవాళ్ళకి తెలుసు. నాకదే ఇష్టం. పోయినేడు సర్వీసింగుకి ఒక షాపులో ఇచ్చా. ఊరు, పేరు వద్దు. తిరిగొచ్చాక క్రోనో సున్నాకి కొడితే ముల్లు 12కి ఒక గీత పక్కన ఆగుతోంది. అడిగితే "అది అంతే సార్, మెకానికల్" అన్నాడు. ఆరు నెలలు ఆ ఒక్క గీతని చూస్తూ బతికా. పెద్దాయనా, ఇది అంతేనా?

ట్రంకురోడ్డు టైము | బుధవారం 08:15

అంతే కాదు. ముల్లు తీసి మళ్ళీ పెట్టేటప్పుడు సున్నా చూసుకోకుండా నొక్కేశాడు. కావలి ఆయన చెప్పిన గుండె బిళ్ళ తన పని తను చేస్తోంది, ముల్లే వంకరగా కూర్చుంది. గుండె సున్నా దగ్గర ఉండగా ముల్లు విప్పి సరిగ్గా 12 మీద పెడితే చాలు. పది నిమిషాల పని. కానీ ముల్లుని పదే పదే తీస్తే దాని గొట్టం వదులైపోతుంది, అందుకే మొదటిసారే సరిగ్గా పెట్టాలి. నెల్లూరు వస్తే చెప్పు.

కువైట్ కావలి | బుధవారం 23:50

ఎంత నడిచింది మాస్టారూ?

ఖాళీగా ఉండలేక ఇంకోటి చెప్తా. రెండు వరుసల ఆలోచన కొత్తదేం కాదు. 1776లోనే జెనీవాలో పూజే అనే ఆయన విడిగా ఆపుకోగల సెకన్ల ముల్లు పెట్టాడు, దానికి వేరే చక్రాల వరుస. పాతదాన్ని మళ్ళీ తవ్వి తీశారు. ఇక రెండు క్రోనోలు ఒకే వాచీలో కావాలంటే ఎంబీ అండ్ ఎఫ్ వాళ్ళ సీక్వెన్షియల్ ఉంది, స్టీఫెన్ మెక్‌డోనెల్ చేసినది. 2022లో జెనీవా పోటీలో అన్నిటికన్నా పెద్ద బహుమతి దానికే వచ్చింది. దాంట్లో ఒక బటన్ నొక్కితే నడిచేది ఆగుతుంది, ఆగినది నడుస్తుంది. చదరంగం గడియారం లాగన్నమాట. దుబాయ్‌లో అద్దం అవతల చూశా. ముట్టుకోనివ్వలేదు.

గెలాక్సీ రాయి | గురువారం 21:30

కూర్చుని రాస్తున్నా, చేతులింకా కుదురుగా లేవు.

మంగళవారం సాయంత్రం 6కి మొదలు. బుధ, గురు రెండు ఉదయాలూ టైము వైపే కీ ఇచ్చా. ఒకసారి వేలు జారి రెండో వైపు తిరగబోయింది, ప్రాణం పోయింది. ఈ రెండు రోజులూ రోజుకి అదే 3 సెకన్లు. తేడా లేదు.

ఈ రోజు కాలేజీ నుంచి ఐదింటికల్లా వచ్చి ఎదురుగా కుర్చీ వేసుకున్నా. క్రోనో సూచిక అడుగంటి ఉంది. 8 గంటలకి 50 గంటలు నిండాయి, ముల్లు ఇంకా దూకుతూనే ఉంది. కరెంటు పోయింది. టార్చి వేసి చూస్తున్నా. అమ్మ, మా ఆవిడ, పాప అందరూ వచ్చి చుట్టూ చేరారు. 8:50కి బుల్లి ముల్లు ఒక్కసారి ఆగింది. మళ్ళీ రెండు దూకుళ్ళు దూకింది. ఆగిపోయింది. మధ్యలో క్రోనో సెకన్ల ముల్లు కూడా ఆగింది. దాని పక్కనే టైము సెకన్ల ముల్లు ఏమీ జరగనట్టు నడుచుకుంటూ పోయింది.

పాప "ఒకటి చచ్చిపోయింది, ఒకటి బతికే ఉంది" అంది.

ట్రంకురోడ్డు టైము | గురువారం 21:45

నాయనా, నిండు నూరేళ్ళు బతుకు. ఆఖర్లో ఆ రెండు దూకుళ్ళు చూశావే, స్ప్రింగు చిట్టచివరి బలం అది. బేలన్సు అడుగు అడుగుకీ దారి ఇస్తూనే ఉంటుంది, తోసే బలమే లేదు. అందుకే ఆగింది క్రోనోయే.

దీన్ని తిరగేసి చూస్తే ఇంకా బాగుండేది. టైము వైపు ఖాళీ చేసి, క్రోనో వైపు నింపి ఉంచాలి. అప్పుడు బేలన్సుని ఊపేవాడు లేడు. దారి ఇచ్చే లస్కరు నిద్రపోతే రెండో తూములో ఎన్ని నీళ్ళున్నా కదలవు. రెండూ ఆగాలి.

గెలాక్సీ రాయి | గురువారం 21:50

దానికి ఇంకో రెండు రోజులు కావాలి పెద్దాయనా. మామయ్య రేపే వస్తున్నాడు.

కాడిమాను | గురువారం 22:10

కంటికి చుక్కల మందు ఇంకో రెండు రోజులు వెయ్యాలని డాక్టరు మేడం ఒక మాట చెప్తే?

మైపాడు అల | గురువారం 22:25

నన్ను లాగకండి 😀

గెలాక్సీ రాయి | శుక్రవారం 20:40

వాచీ వెళ్ళిపోయింది. చెయ్యి తేలిగ్గా ఉంది, బాగాలేదు.

మామయ్య నల్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. మీరు చెప్పినవన్నీ వరసగా చెప్పేశా. రెండు తూములు, లస్కరు, గుండె చప్పుడు, గుర్రప్పందెం. కాఫీ తాగుతూ అంతా విన్నాడు. "నాకు ఇవేం తెలీవురా" అన్నాడు. మరి ఎందుకు కొన్నావు, బటన్ ఎప్పుడన్నా నొక్కావా అని అడిగా.

"రోజూ నొక్కుతా" అన్నాడు. దేనికంటే, బేరాలకట. విదేశాల కొనుగోలుదారులు ఫోన్లో ఉంటారు. మామయ్య బ్లాక్ గెలాక్సీ రేటు చెప్పేసి బటన్ నొక్కుతాడు. అవతలివాడు ఎన్ని సెకన్లు మాట్లాడకుండా ఉంటాడో చూస్తాడు. వెంటనే "ఎక్కువ" అన్నాడంటే వాడు బేరానికి వచ్చినవాడు, తగ్గించాలి. 8 సెకన్లు దాటితే లోపల లెక్కలేసుకుంటున్నాడు, అంటే రేటు వాడికి కిట్టుబాటే, ఒక్క రూపాయి తగ్గించక్కర్లేదు. "అవతలివాడు ఊరుకున్నప్పుడు మనకి నోరు దురద పుడుతుంది. ఈ ముల్లు గిర్రున తిరుగుతుంటే దాన్ని చూస్తూ నోరు మూసుకుంటా. ఒక్కోసారి వాచీ డబ్బులు ఒక్క ఫోనులోనే వచ్చేశాయి."

ట్రంకురోడ్డు పెద్దాయన గురించి కూడా చెప్పా. 40 ఏళ్ళు పని చేసి ఇది చేత్తో ముట్టలేదని అన్నారని. మామయ్య ఏమీ మాట్లాడలేదు. నేను మనసులో లెక్కపెట్టా. 8 దాటింది.

తర్వాత "వచ్చే వారం నెల్లూరులో పెళ్ళి ఉంది, ట్రంకురోడ్డులో షాపు ఎక్కడో కనుక్కో" అన్నాడు.

పెన్నా ఇసుక | శుక్రవారం 20:55

మా సైటు కొనేవాడు ఫోన్ చేస్తాడు రేపు. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుందామంటే ఫోన్లో మాట్లాడుతుంటానే. ఛ.

ట్రంకురోడ్డు టైము | శుక్రవారం 21:20

షాపు మూసి ఆరేళ్ళయింది అబ్బాయ్. ఇంటికే రమ్మను, అడ్రసు విడిగా పంపిస్తా. పులుసు పెట్టిస్తాం. వాచీ విప్పను, ఒట్టు. భూతద్దం పెట్టుకుని వెనక నుంచి చూస్తా, అంతే. ఒక్క సాయం చెయ్యాలి: వచ్చే రెండు రోజుల ముందు నుంచి టైము వైపు కీ ఇవ్వొద్దని మీ మామయ్యకి చెప్పు.

గెలాక్సీ రాయి | శుక్రవారం 21:25

చెప్పా. "వచ్చేటప్పటికి ఆగిపోయి ఉంటే టైము ఎట్టా చూసుకోవాలిరా" అంటున్నాడు.

కువైట్ కావలి | శుక్రవారం 22:40

ఫోన్లో చూసుకోమనండి.